ఇల్లు మారారా? బీమా కాగితం చూడండి

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగింది. సింగ్ నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఫ్రిజ్‌లు, బీరువాలు, పరుపులు అన్నీ తడిసిపోయాయి. ఇలాంటి నష్టానికి డబ్బిచ్చేదే ఇంటి బీమా. వరద, తుఫాను, పిడుగు, అగ్ని ప్రమాదం అన్నిటికీ వర్తిస్తుంది. 2021 ఏప్రిల్ నుంచి 'భారత్ గృహ రక్ష' అనే పాలసీ బీమా కంపెనీల దగ్గర దొరుకుతోంది.

సరే, బీమా ఉంది. మీరు ఇల్లు మారారు. అప్పుడేమిటి?

కాగితం తీసి చదవండి. అందులో ఇంటి నంబరు, వీధి, ఊరు రాసి ఉంటాయి. బీమా ఆ ఇంటికే. సామాను బండెక్కి కొత్త ఇంటికి వస్తుంది. బీమా రాదు. రేపు కొత్త ఇంట్లోకి నీళ్లొస్తే కంపెనీవాళ్లు "ఈ చిరునామా మా కాగితంలో లేదే" అంటారు. అలా అనడం వాళ్ల తప్పూ కాదు.

అందుకని మారే ముందే కంపెనీకి రాసివ్వండి. నోటిమాట చాలదు. మార్పు చేసి వాళ్లిచ్చే కాగితాన్ని 'ఎండార్స్‌మెంట్' అంటారు. అది చేతికొచ్చాక పేరు, ఇంటి నంబరు కూడబలుక్కునైనా సరిచూసుకోండి.

పాత ఇల్లు అమ్మేశారా? ఆ బీమా ఇక మీకు పనికిరాదు. రద్దు చేయమని అడగండి. క్లెయిము తీసుకోకపోతే మిగిలిన రోజులకు కొంత సొమ్ము తిరిగొస్తుంది. కొత్త ఇంటికి వేరే పాలసీ తీసుకోవాలి. అక్కడ స్థలం ఖరీదు లెక్కలోకి రాదు. ఇల్లు తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చే చెప్పాలి.

అద్దె ఇల్లయితే గోడల సంగతి ఇంటివాళ్లది. మీ సామానుకు మాత్రం మీరే బీమా చేయించుకోవచ్చు. దారిలో బండి మీద అద్దం పగిలిందా? దానికి ఈ బీమా వర్తించదు. సామాను రవాణాకు వేరే బీమా ఉంది.