పిల్లలకే కాదు, పెద్దలకూ మంచు పాఠాలు

కువైట్ అనగానే మన ఊళ్ళో వాళ్ళకు గుర్తుకు వచ్చేది ఎండే. అందులో తప్పేమీ లేదు. 2016 జూలై 21న ఈ దేశంలోని మిత్రిబాలో 53.9 డిగ్రీల సెల్సియస్ వేడి నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఆ అంకెను ఖాయం చేసింది కూడా. ఇటువంటి చోట కాపురం చేసే కుటుంబాలకు సెలవులు రాగానే మంచు మీదికి మనసు పోవడం సహజమే. షువైఖ్‌లో మా చుట్టుపక్కల ఇళ్ళలో ఈ మధ్య శీతాకాలపు ప్రయాణాల మాట తరచు వినబడుతోంది. ఒకరు గుల్మార్గ్ అంటారు, ఒకరు జార్జియాలోని గుదౌరి అంటారు, ఇంకొకరు దుబాయిలోనే ఉండగా అంతదూరం ఎందుకంటారు.

అయితే ఈ ప్రయాణాలలో ఒక విచిత్రం ఉంది. పిల్లలకు స్కీయింగ్ పాఠాలు నెల ముందే కుదురుస్తాం. అక్కడికి వెళ్ళాక నాన్నగారు కెమెరా పట్టుకుంటారు, అమ్మగారు శాలువా కప్పుకుని ఫ్లాస్కుకు కాపలా కూర్చుంటారు. లేదా రెండో రోజున నాన్నగారికి పౌరుషం వచ్చి, ఎవరి దగ్గరా ఒక్క పాఠం చెప్పించుకోకుండా, అద్దె స్కీలు కట్టుకుని కొండెక్కుతారు. మొదటిది నష్టం, రెండోది ప్రమాదం. ఈ రెంటికీ నడుమ మంచి దారి ఒకటి ఉంది. పెద్దలకు కూడా విడిగా, వారి ఒంటికీ వయసుకూ తగ్గట్టు, పాఠాలు కుదుర్చుకోవడమే ఆ దారి.

ప్రమాదం అని ఊరికే అనలేదు. ఇక్కడ మన ఇకామా ఉద్యోగంతో ముడిపడి ఉంది. భార్యాబిడ్డల ఇకామా మన ఇకామాతో ముడిపడి ఉంది. స్కీయింగ్‌లో తరచు దెబ్బతినేది మోకాలు. అందులోని ముందు అడ్డుబంధనం తెగి ఆపరేషన్ దాకా వెళితే మామూలు ఆటపాటలకు రావడానికి తొమ్మిది నెలలు పట్టవచ్చు. రోజంతా నిలబడి పనిచేసే నర్సుకో, సైటు మీద తిరిగే ఇంజనీరుకో అది చిన్న విషయం కాదు. కనుక నేర్చుకోవాలి, అదీ పద్ధతిగా నేర్చుకోవాలి.

నేర్పేవాడు ఎందుకు?

పెద్దవాళ్ళకు స్కీయింగ్ నేర్పే పద్ధతి కొత్తదేమీ కాదు. ఆస్ట్రియాలోని సెయింట్ ఆంటన్‌లో హన్నెస్ ష్నైడర్ అనే ఆయన 1907లో నేర్పడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళను వారివారి సామర్థ్యాన్ని బట్టి తరగతులుగా విడదీసి, ఒక మెట్టు వచ్చాకనే రెండో మెట్టు చెప్పే పద్ధతి ఆయన బడి వల్ల లోకమంతా వ్యాపించింది. ఇప్పటికీ ఏ దేశం వెళ్ళినా పాఠం వరస దాదాపు ఇదే: ముందు పడడం, లేవడం, ఒక కాలికే స్కీ కట్టుకుని నడవడం, అడ్డంగా అడుగులు వేస్తూ ఎక్కడం, తరువాత స్కీల ముక్కులు దగ్గరికీ తోకలు దూరానికీ పెట్టి జారడం, ఆగడం, చివరకు మలుపు తిరగడం.

పిల్లవాడు ఇదంతా ఆలోచించడు. నేలకు దగ్గరగా ఉంటాడు, పడినా నవ్వుతాడు. పెద్దవాడు పడకముందే పడినట్టు భయపడతాడు. భయపడ్డవాడు ఒళ్ళు వెనక్కి వాలుస్తాడు. వానాకాలం జారుగట్టు దిగేటప్పుడు మనకు అలవాటైన పని అదే కదా! మంచుమీద అది తలకిందులు. వెనక్కి వాలితే స్కీల ముందుభాగం మీద బరువు ఉండదు, అవి మన మాట వినకుండా ముందుకు పోతాయి. మడమ వెనక బరువు పెట్టి కూలబడడంలోనే మోకాలికి ముప్పు ఎక్కువ. పిక్క ముందు ఎముక బూటు నాలికకు ఆనేటట్టు ముందుకు ఒంగాలి. ఈ సంగతి పుస్తకంలో చదివితే ఒంటికి ఎక్కదు, పక్కన నిలబడి చెప్పేవాడు కావాలి.

ఆ చెప్పేవాడు మాత్రం సొంత భర్తో, బావమరిదో కాకూడదు. కారు నడపడం భర్త దగ్గర నేర్చుకున్న సోదరీమణులకు కారణం వివరించనక్కరలేదు.

ఎక్కడ? ఎప్పుడు?

తొలిమెట్టుగా దుబాయి బాగానే ఉంటుంది. అక్కడి మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లో 2005లో తెరిచిన స్కీ దుబాయిలో అయిదు వాలు దారులున్నాయి. అన్నిటికన్నా పొడుగైనది 400 మీటర్లు. లోపల వేడి సున్నా డిగ్రీలకు కాస్త దిగువన ఉంచుతారు. పెద్దలకు మొదటి పాఠాలు చెబుతారు. ఎత్తు ప్రదేశం కాదు కనుక ఆయాసం బాధ లేదు. రెండు రోజులు అక్కడ గడిపితే ఈ ఆట మన ఒంటికి సరిపడుతుందో లేదో తేలిపోతుంది.

అసలు కొండలు కావాలంటే మనవాళ్ళకు వీసా గొడవ లేనిది గుల్మార్గ్. 1927లోనే అక్కడ బ్రిటిష్ వాళ్ళు స్కీ క్లబ్ పెట్టారు. ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. మొదటిసారి కాలు పెట్టేవారికి ఊరి పక్కనే చిన్న వాలులున్నాయి. పైకి వెళ్ళే గొండోలా మొదటి అంచె 1998లోనూ, అఫర్వాత్ కొండ మీదికి పోయే రెండో అంచె 2005లోనూ వచ్చాయి. రెండో అంచె దాదాపు 3,950 మీటర్ల దాకా పోతుంది. అది ఆరితేరినవారి చోటు, కొత్తవారు చూసి రావడానికే. కేంద్ర పర్యాటక శాఖ ఆధ్వర్యంలోని స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ కూడా గుల్మార్గ్‌లోనే ఉంది. అందులో తరగతులు రోజుల తరబడి నడుస్తాయి, వయోపరిమితి కూడా ఉంటుంది. తీరిక ఉన్నవారు ముందుగా రాసి తెలుసుకోవచ్చు.

డిసెంబరు 21 నుంచి జనవరి ఆఖరు దాకా నలభై రోజులను కాశ్మీరీలు చిల్లై కలాన్ అంటారు. చలి ముదిరే కాలం అది. ఆ రోజుల్లో శ్రీనగర్ విమానాలు మంచుకు ఆలస్యమవుతుంటాయి. సంక్రాంతికి ఇంటికి వెళ్ళేవారు దారిలో గుల్మార్గ్ పెట్టుకుంటే ఒక రోజు చేతిలో ఉంచుకోవాలి, లేకపోతే భోగిమంట శ్రీనగర్ విమానాశ్రయంలోనే. కువైట్‌లో ఫిబ్రవరి 25, 26 తేదీలు జాతీయ సెలవులు. వాటికి శుక్ర, శనివారాలు, మూడు రోజుల సొంత సెలవు కలిస్తే వారం చేతికి వస్తుంది. అప్పటికి చలి కాస్త సడలుతుంది, మంచు మాత్రం ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్‌లో యాత్రికులపై దాడి జరిగాక కాశ్మీర్‌లో చాలా పర్యాటక స్థలాలను కొంతకాలం మూసివేశారు. కనుక టికెట్లు కొనేముందు అప్పటి పరిస్థితి కనుక్కోవడం అవసరం.

గుదౌరి త్బిలిసికి సుమారు 120 కిలోమీటర్లు, ఎత్తు 2,200 మీటర్ల పైచిలుకు. వీసా నియమాలు మారుతుంటాయి, వాటిని రాయబార కార్యాలయంలోనే అడగాలి.

కుదుర్చుకునేటప్పుడు అడగవలసినవి

స్కీ బడికి రాసేటప్పుడు “మేము నలుగురం వస్తున్నాం” అంటే చాలదు. ఈ ప్రశ్నలు అడగండి. కొత్తగా నేర్చుకునే పెద్దలకు విడి తరగతి ఉందా? తరగతికి ఎందరు? ఏ భాషలో చెబుతారు? స్త్రీలు కోరితే నేర్పడానికి స్త్రీ దొరుకుతుందా? మొదటి పాఠం బల్లపరుపు నేలమీదా, వాలుమీదా? బూట్లు, స్కీలు, హెల్మెట్ అద్దెలో కలిసి ఉన్నాయా? అన్నిటికన్నా ముఖ్యం: పిల్లల తరగతి, పెద్దల తరగతి ఒకే వేళకు పెట్టగలరా? ఈ ఒక్కటి కుదరకనే మన తల్లులు అయిదు రోజులూ ఫ్లాస్కు పక్కన గడుపుతున్నారు. చంటిబిడ్డ ఉంటే ఆలుమగలు ఉదయం ఒకరు, మధ్యాహ్నం ఒకరు వంతులు వేసుకోవచ్చు. “నువ్వు నేర్చుకో, నేను చూస్తుంటాను” అనే త్యాగం ఎప్పుడూ ఒకరి వంతుకే రాకూడదు.

ఒక్క రోజంతా పాఠం కన్నా, వరసగా మూడు రోజులు రోజుకు రెండు గంటలు మేలు. ముప్పై దాటిన ఒళ్ళు రాత్రి నిద్రలో కూడా కొంత నేర్చుకుంటుంది. అద్దె సామాను ముందురోజు సాయంత్రమే తెచ్చుకుంటే మర్నాడు పాఠం వేళ బూటు కొక్కేలతో కుస్తీ పట్టనక్కరలేదు. గుల్మార్గ్‌లో బండి దిగగానే చుట్టూ మూగి నేర్పుతామనేవారు చాలామంది ఉంటారు. అనుమతి పత్రం చూపమని అడిగి, గంటల లెక్క, డబ్బు లెక్క ముందే మాట్లాడుకోండి.

డాక్టరుగా నాలుగు మాటలు

బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్, పడినప్పుడు తనంతట విడిపోవాలి. దాని బిగువు మనిషి బరువు, పొడవు, వయసు, బూటు అడుగు కొలత, అనుభవాన్ని బట్టి పెడతారు. యాభై దాటినవారికి కాస్త వదులుగా పెడతారు. కనుక అద్దె దుకాణంలో బరువు అడిగితే పెళ్ళినాటి బరువు చెప్పకండి. తక్కువ చెబితే ఊరికే ఊడుతుంది, ఎక్కువ చెబితే ఊడవలసినప్పుడు ఊడక మోకాలు మెలిపడుతుంది.

చేతికర్ర పట్టుకుని పడితే బొటనవేలి మొదట్లో బంధనం తెగవచ్చు. దానికి వైద్యంలో స్కీయర్ బొటనవేలు అనే పేరే ఉంది. పడుతున్నామని తెలియగానే కర్ర వదిలేయాలి. చేతులతో పనిచేసి బతికేవాళ్ళం, ఈ మాట మరవకూడదు.

చక్కెర జబ్బు ఉన్నవారు ఇన్సులిన్‌ను పైసంచిలో పెట్టకూడదు. గడ్డకడితే అది పనికిరాదు, లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచాలి. శ్రమకు చక్కెర పడిపోవచ్చు కనుక రెండు పల్లీ పట్టీలు, కాస్త గ్లూకోజు దగ్గర ఉండాలి. గుండెజబ్బు, రక్తపోటు, ఆస్తమా ఉన్నవారు ఎత్తుకు వెళ్ళేముందు తమ డాక్టరుకు చూపించుకోవాలి. 2,500 మీటర్లు దాటితే తలనొప్పి, వికారం రావచ్చు, మొదటి రోజు విశ్రాంతే పాఠం. కొత్త మంచు అతినీల లోహిత కిరణాలలో 80 శాతం దాకా తిరగగొడుతుంది. మబ్బుగా ఉన్నా కళ్ళద్దాలు తీయరాదు.

నూలు బట్టలు, జీన్సు తడిస్తే ఒంటికి చలి పట్టిస్తాయి. ఎడారి క్యాంపులకు కొన్న ఉన్ని లోదుస్తులు ఇక్కడ అక్కరకు వస్తాయి. ప్రయాణపు ఇన్సూరెన్సులో స్కీయింగ్‌కు వర్తిస్తుందో లేదో చదివి చూడండి. చాలా పాలసీలు దాన్ని మినహాయిస్తాయి.

వెళ్ళడానికి ఆరు వారాల ముందు నుంచి తొడ కండరాలకు పని చెప్పాలి. షువైఖ్ బీచ్ వెంట సాయంత్రం నడక మంచిదే, అంతకన్నా మేడమెట్లు నెమ్మదిగా దిగడం మంచిది. స్కీయింగ్‌లో తొడలు చేసే పని దిగేటప్పటి పనే. గోడకు వీపు ఆనించి కుర్చీలేని కుర్చీలో అర నిమిషం కూర్చుని చూడండి, ఎంత సాధన కావాలో తెలుస్తుంది.

చివరిగా ఒక హెచ్చరిక. సాయంత్రం అయ్యేసరికి “ఇంకొక్కసారి దిగి వద్దాం” అనిపిస్తుంది. అలసిన కాళ్ళతో, గట్టిపడిన మంచుమీద దిగే ఆ ఒక్కసారే చాలామందిని మాబోటివాళ్ళ దగ్గరకు పంపుతుంది. బలం ఉండగానే ఆపేయాలి.

మన సంఘం కుటుంబాలలో ఆరుగురు పెద్దలు కలిస్తే చాలు, విడిగా ఒక తరగతి అడగవచ్చు. తోటివాళ్ళు కూడా పడుతుంటే సిగ్గు సగం పోతుంది, ఖర్చూ తగ్గుతుంది. పిల్లల ముందు మనం ఎప్పుడూ అన్నీ తెలిసినవాళ్ళలాగే కనబడుతుంటాం. తెలియని పని ఒకటి చేతకాక పడి, మంచు దులుపుకుని, మళ్ళీ వరసలో నిలబడే అమ్మను, నాన్నను వాళ్ళు ఒక్కసారైనా చూడాలి. రేపు లెక్కల్లో తప్పినప్పుడు ఆ దృశ్యం వాళ్ళకు మన ఉపన్యాసాలకన్నా ఎక్కువ సాయం చేస్తుంది.