పికప్పు బండి కొనదలచిన రైతులకు

ఒకప్పుడు పండిన సరుకు మార్కెట్టుకు చేర్చుటకు ఎద్దుల బండియే ఆధారము. పిమ్మట ట్రాక్టరు వచ్చినది. 2005లో టాటా ఏస్ విడుదలయిన తరువాత సన్నని బాటలు గల పల్లెలకు సైతము నాలుగు చక్రముల సరుకు బండి వచ్చి చేరినది. నేడు బొలేరో పికప్పు, అశోక్ లేలాండ్ దోస్త్, టాటా ఇంట్రా, యోధ మున్నగు బండ్లు కూరగాయలు పండించు ప్రతి ప్రాంతమునందును కనిపించుచున్నవి. వీనిలో చాలవాటికి యజమానులు రైతులే.

పలమనేరు, వి.కోట, మదనపల్లె ప్రాంతములలో ఇట్టి బండ్లు గల కొందరు రైతులతో ప్రసంగించగా వారు చెప్పిన సంగతులు కొనదలచినవారికి ఉపకరించునని తోచి ఇచ్చట పొందుపరచుచున్నాము. షోరూములో చెప్పు మాటలు వేరు, రెండేండ్లు తోలినవాని మాటలు వేరు.

కొనుటకు ముందు

బండి వలన లాభము లేదని ఎవరును అనలేదు. కోత కోసిన టమాట పొలము గట్టున బాడుగ బండి కొరకు ఎదురు చూడనక్కరలేదు. తెల్లవారకముందే మార్కెట్టు చేరవచ్చును. మదనపల్లెలో ధర పడిపోయినచో వి.కోటకో, కోలారుకో మరలవచ్చును. ఇది చిన్న లాభము కాదు. అయినను అయిదెకరముల కూరగాయల రైతు ఒకరు అన్న మాట గమనింపదగినది: "బండి కొన్నాకనే సార్, నెల ఎంత తొందరగా తిరిగొస్తుందో తెలిసింది."

పంటకు కాలము కలదు గాని కంతుకు లేదు. ఉదాహరణకు రూ. 7 లక్షలు అప్పు, 11 శాతము వడ్డీతో అయిదేండ్ల వ్యవధికి తీసుకొన్నచో నెలకు కంతు సుమారు రూ. 15,220 అగును. అరువది నెలలలో తీర్చు మొత్తము రూ. 9 లక్షల 13 వేలు దాటును. బీమా, పన్ను, టైర్లు, మరమ్మతులు కలిపి నెలకు మరి రూ. 5,000 అనుకొందము. డీజిలు పోయకముందే, డ్రైవరుకు జీతమియ్యకముందే బండి పేర నెలకు రూ. 20,220 ఖర్చు నిలిచియున్నది. నెలకు ఎనిమిది పర్యాయములు మాత్రమే మార్కెట్టుకు పోవు రైతుకు ఒక్కొక్క ప్రయాణమునకు ఈ ఖర్చు రూ. 2,500 పై చిలుకు పడును. ఇరువది పర్యాయములు పోవువానికి వేయి రూపాయలకు దగ్గరగా పడును. మీ ఊరి నుండి అదే మార్కెట్టునకు బాడుగ బండి ఎంత అడుగునో మీకు తెలియును. బాడుగలో డీజిలు, డ్రైవరు ఖర్చు కూడ చేరియున్నదని మరువక ఆ రెంటిని తీసివేసి సరిపోల్చవలెను.

కావున కొనుటకు ముందు ఒక సంవత్సరము బాడుగ పుస్తకము వ్రాసికొనుడు. ఏ తేదీన ఎన్ని పెట్టెలు, ఎచ్చటికి, ఎంత బాడుగ అను నాలుగు గడులు చాలును. ఆ పుస్తకము చూచిన రైతులలో కొందరు బండి కొనరు. అదియు మంచిదే.

ధర బాగున్న సంవత్సరమున కొనుట అన్నిటికంటె ప్రమాదకరము. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టునందు టమాట కిలో వంద రూపాయలు దాటినది. సెప్టెంబరు నాటికి రాష్ట్రములోని కొన్ని మార్కెట్లలో అదే టమాట పది రూపాయలకు దిగువన అమ్మినది. జూలై ధరను చూచి అయిదేండ్ల అప్పుపై సంతకము చేసినవాడు సెప్టెంబరు ధరతో దానిని తీర్చవలసివచ్చును. మంచి ధర వచ్చినపుడు ఆ సొమ్మును మొదటి చెల్లింపునకు ఎక్కువగా కట్టి అప్పు తగ్గించుకొన్నవారు నిలద్రొక్కుకొనిరి. కొద్ది సొమ్ము కట్టి పెద్ద బండి తెచ్చినవారు ఇతరుల బాడుగలకై రాత్రింబవళ్లు తిరిగి స్వంత పైరును చూచుకొనలేకపోయిరి.

సరుకు బండ్లపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతము బదులు 18 శాతమయినది. ఇది కొనువానికి మేలే గాని, పన్ను తగ్గినదని అక్కరలేని బండి అక్కరకు రాదు.

ఏ బండి?

సంవత్సరములో అతి పెద్ద కోత దినమును కాక, సాధారణ దినమున ఎంత సరుకు పోవునో దానిని బట్టి బండి ఎంచుకొనవలెను. ముక్కాలు టన్ను మోయు చిన్న బండి పాలు, ఆకుకూరలు, పూలు పండించువారికి చాలును. ఇరుకు సందులలో తిరుగును, డీజిలు తక్కువ త్రాగును. టమాట, మామిడి, క్యాబేజీ రైతులకు టన్నున్నర తరగతి బండి అనుకూలము. పెద్ద కోత దినములు ఏటికి పది పదిహేను మాత్రమే ఉన్నచో ఆ దినములకు మరొక బండి బాడుగకు తెచ్చుకొనుట చవుక.

యువకులు కొందరు రెండు వరుసల సీట్లు గల పెద్ద పికప్పుల వైపు చూచుచున్నారు. అమెరికా రైతులు వాడునది అట్టిదే. మన శ్రీసిటీ కర్మాగారములో 2016 నుండి తయారగుచున్న ఇసుజు డీ-మాక్స్ లోను ఆ రకము కలదు. కుటుంబముతో ప్రయాణమునకు అది ఎంతో సుఖము. అయితే సీట్లు పెరిగినకొలది వెనుక తొట్టి పొట్టిదగును, ధర రెట్టింపగును. పెండ్లికి పోవుటకును, మార్కెట్టుకు పోవుటకును ఒకే బండి కావలెనన్న కోరికకు పెట్టెల లెక్కలో మూల్యము చెల్లింపవలసియుండును.

ఇంధనము సంగతి క్లుప్తముగా చెప్పెదము. 2020 ఏప్రిల్ 1 తరువాత వచ్చిన బి.ఎస్.-6 డీజిలు బండ్లలో పెక్కింటికి పొగగొట్టములో మసిని పట్టు వడపోత కలదు. రోజంతయు రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే మెల్లగా తిరుగు బండిలో ఈ వడపోత మసితో నిండి దీపము వెలుగును. అట్టివారు బండిని అప్పుడప్పుడు పెద్ద రోడ్డుపై అరగంట సేపు ఆపకుండ తోలవలెను. దీపము వెలిగినను పట్టించుకొనక తోలినచో ఖర్చు పెద్దదగును. విద్యుత్తుతో నడుచు టాటా ఏస్ 2022లో విడుదలయినది. ప్రతిదినము ఒకే దారిలో పాలో కూరగాయలో చేరవేసి రాత్రి ఇంటికి వచ్చు బండికి అది తగును. దూరపు మార్కెట్లకు ఎప్పుడు పోవలసివచ్చునో తెలియని రైతుకు డీజిలే నమ్మకము.

బరువు

యజమానులందరు ఒప్పుకొన్నది, అయినను ఎక్కువమంది పాటింపనిది ఈ సంగతియే. పెట్టెతో కలిపి టమాట క్రేటు 27 కిలోలు తూగుననుకొన్నచో 1,300 కిలోలు మోయు బండికి 48 క్రేట్లు సరిపోవును. కోత దినమున అదే బండిపై 75 క్రేట్లు కట్టుట మనము చూచుచున్నాము. అనగా 2,025 కిలోలు. బండి కదలును, గమ్యము చేరును. అందుచేతనే రైతు అది మోయగలదని భ్రమించును.

కదలుట వేరు, ఆగుట వేరు. ఇంజను శక్తి చాలినను బ్రేకులు ఆ బరువునకు చేసినవి కావు. సరుకు వెనుక ఇరుసు దాటి వ్రేలాడినచో ముందు చక్రములు తేలికై స్టీరింగు చేతికి వదులుగా తగులును. ఆ వదులు సుఖము కాదు, ముందు టైర్లు నేలను సరిగా పట్టుకొనుటలేదని గురుతు. బరువైన పెట్టెలను క్యాబిను వైపునకు, ఇరుసునకు ముందుగా పేర్చవలెను. వెనుక టైర్లలో గాలి కంపెనీ చెప్పిన ప్రకారము బరువునకు తగినట్లు, టైరు చల్లగా ఉన్నపుడు చూచి నింపవలెను. గాలి తక్కువైన టైరు బరువుతో వేడెక్కి వేసవిలో పగులును. "కమాను పట్టీ అదనంగా వేయిస్తే మోస్తుంది" అను మెకానికు మాట సగమే నిజము. పట్టీ బండిని ఎత్తి నిలుపును గాని బ్రేకులను, ఇరుసును, టైర్లను బలపరచజాలదు.

చట్టము కూడ తేలికగా లేదు. 2019 సవరణ ప్రకారము అధిక బరువునకు రూ. 20,000, ఆపై ప్రతి టన్నుకు రూ. 2,000 జరిమానా కలదు. ఎక్కువ సరుకును అక్కడనే దింపవలెను. పండిన టమాట రోడ్డు ప్రక్కన ఎండలో దింపినచో ఏమగునో రైతుకు చెప్పనక్కరలేదు.

తోలుట

వట్టి పికప్పును తోలుట నిండు బండిని తోలుటకంటె తేలికని చాలమంది తలంతురు. వట్టి బండిలో వెనుక పట్టీలు బిరుసుగా నుండి గుంతలలో బండి ఎగురును, వాన రోడ్డుపై గట్టిగా బ్రేకు వేసినచో వెనుక భాగము ప్రక్కకు జారును. నల్లరేగడి బాటలో వట్టి బండి చక్రములు తిరుగుచు అచ్చటనే కూరుకొనును. రెండు మూడు ఇసుక బస్తాలను ఇరుసుపైన కదలకుండ మోకుతో కట్టుకొన్నచో ఈ బాధ చాల తగ్గును. సరుకు దింపి వచ్చునపుడే నిద్రయు, తొందరయు కూడ ఎక్కువగా నుండును.

మొగిలి, భాకరాపేట వంటి కనుమలలో ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెను. డీజిలు ఆదా యని న్యూట్రల్లో వదలుట, ఇంజను ఆపుట తగదు. ఇంజను ఆగినచో బ్రేకు కాలికి బండవలె తగులును, పవరు స్టీరింగు బిగిసిపోవును. దిగుట పొడవునను బ్రేకుపై కాలు మోపియుంచినచో అది వేడెక్కి, చివరి మలుపు వద్ద పనిచేయదు.

కూలీలను ఎక్కించుట

బండి కొన్నవారిలో దాదాపు అందరును చేయు పని ఇది. తెల్లవారి ఊరినుండి కూలీలను తొట్టిలో ఎక్కించుకొని పొలమునకు, సాయంత్రము మరల ఇంటికి. కూలీలే అడుగుదురు, రైతు కాదనలేడు. అయితే తొట్టిలో సీటు లేదు, పట్టుకొనుటకు కమ్మీ లేదు. మనుష్యులు నిలుచున్నపుడు బండి బరువు పైకి చేరును. మలుపులో అందరును ఒకే ప్రక్కకు వ్రాలుదురు. పెట్టెలను మోకుతో కట్టవచ్చును, మనుష్యులను కట్టలేము.

సరుకు బండి బీమా డ్రైవరుకును, సరుకు యజమానికి లేక అతని ప్రతినిధికిని వర్తించును. ఊరకే ఎక్కించుకొన్న ప్రయాణికులకు సరుకు బండి బీమా కంపెనీ బాధ్యత వహింపనక్కరలేదని సుప్రీం కోర్టు 2002లోనే తీర్పు చెప్పినది. కూలీలు గాయపడినను, మరణించినను వారి కుటుంబములకు చెల్లింపవలసిన పరిహారము రైతు మీదనే పడవచ్చును. పొలము అమ్మినను తీరని మొత్తము అది.

వేరుసెనగ పెరుకుటకు పదునాలుగు మంది స్త్రీలను తన బండిలో తెచ్చుచుండిన రైతు ఒకరు చెరువు కట్ట మలుపున బండి ఒక ప్రక్క చక్రములపై లేచి మరల నిలిచిన సంగతి చెప్పిరి. ఎవరికిని దెబ్బ తగలలేదు. మరునాటి నుండి ఆయన ప్రయాణికుల ఆటోలు రెండు మాట్లాడుకొనిరి. "రోజుకు వెయ్యి రూపాయలు ఎక్కువైంది సార్. అక్కయ్యలు మొదట నవ్వినారు. రాత్రి నిద్ర మాత్రం పడుతోంది" అని ఆయన మాట. ఆటోలోనైనను సీట్లకు మించి ఎక్కింపరాదు. ఈ ఖర్చును కూలిలో భాగముగా లెక్కించుకొని, కోతకు ముందే గుంపు పెద్దతో మాట్లాడుకొనవలెను.

కాగితములు, పాత బండి

మొత్తము బరువు 7,500 కిలోలకు మించని సరుకు బండిని తేలిక మోటారు వాహనపు లైసెన్సుతో తోలవచ్చునని సుప్రీం కోర్టు 2024 నవంబరులో స్పష్టపరచినది. మొత్తము బరువు 3,000 కిలోలకు మించని సరుకు బండికి పర్మిట్టు అక్కరలేదు. ఈ అంకె రిజిస్ట్రేషను పత్రములో ఉండును. ఒకే పేరు గల బండిలో ఒక రకము ఈ గీతకు లోపల, మరొకటి వెలుపల ఉండవచ్చును గనుక సొమ్ము కట్టకముందే చూచుకొనవలెను. ఫిట్‌నెస్ పత్రము ఎనిమిదేండ్ల వరకు రెండేండ్లకొకమారు, ఆపై ప్రతి సంవత్సరము తీసుకొనవలెను.

పాత బండి కొనువారు ఇంజను శబ్దము వినుటతో తృప్తిపడుచున్నారు. అంతకంటె ముఖ్యమైనది తొట్టి క్రింద పడుకొని చాసిస్ చూచుట. చాసిస్‌కు అతుకు వేసిన గుర్తులు, వంగిన ఇరుసు, ఒకే వైపు అరిగిన టైర్లు కనిపించినచో ఆ బండి జీవితమంతయు అధిక బరువు మోసినదని గ్రహింపవచ్చును. ఉప్పు నీటి చేపలు, రొయ్యలు మోసిన బండిలో తుప్పు రంగు క్రింద దాగియుండును. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడవలెను. బండిపై అప్పు తీరినదను కాగితమును, ఫారము 35ను బ్యాంకు నుండి అమ్మువాడే తెచ్చి ఇయ్యవలెను. 29, 30 ఫారములు వట్టివిగా సంతకము చేయించుకొని పెట్టెలో ఉంచుట పల్లెలలో వాడుక. అమ్మువాడు పదునాలుగు దినములలో, కొన్నవాడు ముప్పది దినములలో రవాణా శాఖకు తెలుపవలెను. పేరు మారనంతవరకు చట్టము దృష్టిలో పాతవాడే యజమాని. మీ బండిని అమ్మునపుడు సైతము, కొన్నవాడు మేనల్లుడే అయినను, పేరు మారిన పత్రము నకలు చేతికి వచ్చిన పిమ్మటనే రెండవ తాళపుచెవి ఇయ్యవలెను.