తలుపు తీసి ఉంటే... నిలిచేదెవరు?

ప్రేమలో ఎక్కువ కాలం నిలబడేదెవరు? అబ్బాయిలా, అమ్మాయిలా?

ఇంటర్వెల్‌లో సోడా తాగుతున్న నలుగురి మధ్య ఈ ప్రశ్న వేసి మెల్లగా పక్కకు తప్పుకోండి. బెల్లు మోగినా ఒక్కరూ లోపలికి కదలరు! "దేవదాసును చూడవోయ్! పార్వతి కోసం ప్రాణమే ఇచ్చేశాడు" అంటారు కుర్రాళ్ళు. "ఇచ్చాడులే, తాగి తాగి! ఆ ధైర్యమేదో తండ్రి ముందు చూపిస్తే సరిపోయేదిగా?" అంటారు అమ్మాయిలు.

నిజమే, కాస్త లెక్క చూద్దాం. 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన 'దేవదాసు'లో అక్కినేని దగ్గుతుంటే హాలు హాలంతా ఏడ్చింది. కానీ సిగ్గు విడిచి రాత్రివేళ ఆయన గదికి వచ్చి మనసు విప్పింది ఎవరు? పార్వతి. తిరిగి ప్రేమ దక్కదని తెలిసీ తన బతుకునే మార్చుకున్నది ఎవరు? చంద్రముఖి. 1964లో వచ్చిన ఆదుర్తి వారి 'మూగమనసులు' చూడండి. తనను ప్రేమించని గోపిని ముసలితనం దాకా గుండెలో దాచుకున్నది జమున వేసిన గౌరి. తెర మీద లెక్క వేస్తే గెలుపు అమ్మాయిలదే!

అయితే ఆ కథలు రాసిందెవరు? ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టెన్ ఈ సంగతి రెండు వందల ఏళ్ళ కిందటే పట్టుకుంది. 1817 చివర్లో వెలువడిన 'పర్సుయేషన్' నవలలో ఒక నావికాధికారి, ఆడవాళ్ళకు నిలకడ లేదని పుస్తకాలన్నీ చెబుతున్నాయంటాడు. కలం మగవాళ్ళ చేతిలో ఉన్నప్పుడు ఆ పుస్తకాలు సాక్ష్యానికి పనికిరావని కథానాయిక తిప్పికొడుతుంది. మన దగ్గర సంగతి కొంచెం వేరు. ఇక్కడి కలం ఆడదాన్ని చపలచిత్త అనలేదు, ఎదురుచూసే బొమ్మను చేసి కూర్చోబెట్టింది. కాబట్టి తెర మీద గెలుపును నమ్మకండి!

మరి న్యాయమైన పరీక్ష ఎలా ఉండాలి? ఇద్దరికీ తలుపు తెరిచే ఉండాలి. పోదలుచుకుంటే పోవచ్చు, అయినా పోకుండా నిలవాలి. ఆ పరీక్షే పెట్టాడు బాలచందర్, 1978లో 'మరోచరిత్ర'లో. బాలు, స్వప్న ఒక ఏడాది పాటు దూరంగా ఉండాలి. ఆ తర్వాత కూడా ప్రేమ మిగిలితే పెళ్ళి! ఏమైంది? స్వప్న నిలిచింది. ఆమెకు వేరే పెళ్ళని అబద్ధం చెవిన పడగానే బాలు కోపంతో సంధ్యను చేసుకోవడానికి సిద్ధపడ్డాడు. అతన్ని కదిలించింది మరో అమ్మాయి మీద మోజు కాదు... దెబ్బతిన్న అహం. సంధ్య విశాఖ వెళ్ళి నిజం తెలుసుకుని తప్పుకోబట్టి సరిపోయింది.

అలాగని మగవాళ్ళంతా ఇంతేనా? మన హైదరాబాదు చరిత్రలో ఒకే స్త్రీ రెండు రకాల మగవాళ్ళనూ చూసింది. నిజాం కొలువులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ కిర్క్‌పాట్రిక్, పెద్దింటి అమ్మాయి ఖైరున్నీసాను ప్రేమించి, 1801 ప్రాంతంలో ఇస్లాం పద్ధతిలో పెళ్ళాడాడు. పై అధికారులు విచారణలు జరిపించారు, ఉద్యోగం పోయేంత పనైంది. అయినా ఆమెను వదలలేదు. 1805లో కలకత్తాలో కన్నుమూశాడు. తర్వాత, ఆయన దగ్గరే పనిచేసిన హెన్రీ రస్సెల్ ఆమెకు దగ్గరయ్యాడు. మచిలీపట్నంలో ఆమె తన కోసం ఎదురుచూస్తుండగానే, 1808లో మద్రాసులో మరొకరిని పెళ్ళాడాడు! ఖైరున్నీసా 1813లో చనిపోయింది. ఇద్దరూ మగవాళ్ళే. ఇద్దరికీ తలుపు తెరిచే ఉంది. ఒకడు నిలిచాడు, ఒకడు నడిచిపోయాడు.

ఇక సినిమాలూ రాజుల కాలమూ వదిలేసి, కామారెడ్డి నుంచి నిజామాబాద్ వెళ్ళే దారిలో సదాశివనగర్ దగ్గర బస్సు దిగండి. 2016లో కామారెడ్డి జిల్లాలోకి వచ్చిన ఈ ప్రాంతం అంతకుముందు నిజామాబాద్ జిల్లాలోది. 1970లలో చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో పనులు మొదలైనప్పటి నుంచి ఈ జిల్లాల పల్లెల మగవాళ్ళు దుబాయి, మస్కట్, సౌదీ బాట పట్టారు. పెళ్ళయిన కొన్నాళ్ళకే విమానం ఎక్కే పెనిమిటి, బీడీలు చుట్టుకుంటూ పిల్లల్నీ అత్తమామల్నీ సాకే భార్య. అప్పట్లో ఉత్తరం, ఇప్పుడు వీడియో కాల్. మధ్యలో ఏళ్ళ దూరం.

అక్కడ ఒక్క గదిలో పదిమందితో సర్దుకుని, ఎండలో ఇటుకలు మోసి, ప్రతి నెలా ఇంటికి డబ్బు పంపే ఆ మనిషి ప్రేమికుడు కాదా? దేవదాసులా తాగితే మనియార్డర్ రాదు మరి! అతని నిలకడను ఏ హీరో నటించి చూపించాడు?

కానీ ఒక తేడా ఉంది. అతను అక్కడ ఏం చేస్తున్నాడో వాడకట్టులో అడిగేవాళ్ళు లేరు. ఆమె ఎవరితోనైనా నవ్వి మాట్లాడితే మాత్రం వాడకట్టంతా కాపలా! అతని ఎదురుచూపు త్యాగం, ఆమెది 'ధర్మం'. ఆమె నిలకడకు మెచ్చుకోలు లేదు, తప్పితే శిక్ష ఉంది.

2011 జనాభా లెక్కల్లో దేశంలో వితంతువులు నాలుగు కోట్లకు పైన. భార్య పోయిన మగవాళ్ళు కోటికి కొంచెం పైన. భర్తల వయసు ఎక్కువ కావడం, ఆడవాళ్ళ ఆయుష్షు ఎక్కువ కావడం కొంత కారణం. మగవాళ్ళు చప్పున మళ్ళీ పెళ్ళి చేసుకోవడం ఇంకో కారణం. ఆ నాలుగు కోట్లమందీ ప్రేమతోనే ఒంటరిగా ఉండిపోయారనగలమా? కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించి ఆ తలుపు తెరిచారు. ఇప్పటికీ అది సగమే తెరుచుకుంది.

అందుకే ఎవరు ఎక్కువని తీర్పు చెప్పే ముందు, ఎవరికి తలుపు తెరిచి ఉందో చూడాలి. గొళ్ళెం వేసి కూర్చోబెడితే ఎవరైనా కదలకుండానే ఉంటారు. దానికి ప్రేమ అని పేరు పెట్టకండి.

అబ్బాయిలూ! "నా కోసం ఎన్నేళ్ళయినా ఆగుతావా?" అని అమ్మాయిని అడిగే ముందు, ఈ వారమే మీ నాన్నగారికి చెప్పే ధైర్యం ఉందో లేదో చూసుకోండి. అమ్మాయిలూ! "నువ్వు లేకపోతే చచ్చిపోతా" అనేవాడి కంటే, ఉద్యోగం చూసుకుని వచ్చి మీ ఇంట్లో మాట్లాడేవాడే ఎక్కువ కాలం నిలుస్తాడు. "వద్దు" అనే హక్కు మీకుందని ఒప్పుకునేవాడైతే మరీ మంచిది.

సరే, బెల్లు మోగింది. మీది ఏ పార్టీనో తేల్చుకుని లోపలికి నడవండి!