కోపం వస్తే నాడి పట్టి చూడు

పిల్లలూ! దసరా సెలవులు అయిపోయిన మరునాడు మా సిద్దిపేటలో ఒక తల్లి బడికి వచ్చింది. ఆమె కొడుకు నా దగ్గర తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. "సారూ, మీరన్న జర చెప్పుండ్రి. బడిల మంచిగనే ఉంటడట. ఇంట్ల ఏమన్న అంటే చాలు, మీదికొస్తడు. నిన్న చెంబు ఇసిరికొడితే చిన్నపిల్ల నుదురు పగిలింది" అని కండ్లు తుడుచుకుంది. కుర్రవాడు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

తిట్టబోయి ఆగాను. (నా కోపం సంగతి మా ఇంట్లోవాళ్ళను అడగండి!) వాడి మణికట్టు పట్టుకొని గడియారం చూశాను. నాడి నిమిషానికి 112. కదలకుండా నిలబడ్డవాడికి గుండె ఎందుకంత పరుగెత్తుతోంది?

1911లో అమెరికాలోని హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక పిల్లి ముందు కుక్కను మొరిగించాడు. బెదిరిన పిల్లి రక్తంలో అడ్రినలిన్ కనిపించింది. మన మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథులు దీన్ని వదులుతాయి. వెంటనే గుండె వేగం పెరుగుతుంది. కాలేయం తన దగ్గర దాచుకున్న చక్కెరను రక్తంలోకి పంపుతుంది. కండరాలు బిగుసుకుంటాయి. కోపంలోనూ ఇదే జరుగుతుంది. పులి ఎదురైతే కలబడటానికో, పారిపోవటానికో పనికొచ్చే ఏర్పాటు ఇది. "ఫోన్ పక్కన పెట్టు" అన్న నాయన ముందు దీనితో ఏం పని చెప్పండి?

పైగా, "ఆగు, ఆలోచించు" అని చెప్పే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగటానికి ఇరవై ఏళ్ళు దాటాలి. అందుకని చెంబు విసరటం ఒప్పు అయిపోదు సుమా! చెల్లెలి నుదుటికి మెదడు ఎదుగుదలతో పని లేదు.

మరి ఏదో ఒకటి బద్దలుకొడితే కోపం దిగిపోతుందా? చాలామంది అలాగే అనుకుంటారు. 2024లో ఇద్దరు పరిశోధకులు 154 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. ఒంటిని మరింత ఉద్రేకపరిచే పనులతో కోపం తగ్గలేదు. పరుగు ఆరోగ్యానికి మంచిదే కానీ, కోపానికి మందు కాదట! నెమ్మదిగా ఊపిరి తీయటం, కండరాలు సడలించటం వంటివే పనిచేశాయి. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి గుండెను కాస్త నెమ్మదింపజేస్తుంది. నాడి మీద వేళ్ళు పెట్టి, ఊపిరిని బాగా సాగదీసి వదలండి, మీకే తెలుస్తుంది.

వాడికి ఒక నోటుపుస్తకం ఇచ్చాను. కోపం రాగానే వాకిట్లోకి పోవాలి, నాడి లెక్కపెట్టి రాయాలి. పది నిమిషాలు నెమ్మదిగా ఊపిరి వదులుతూ కూర్చొని మళ్ళీ లెక్కపెట్టాలి. ఆ తర్వాతే మాట. తల్లికీ ఒక పని చెప్పాను: "ఆ పది నిమిషాలు వెంటబడి అడగొద్దమ్మా." తండ్రిని ఒప్పించటమే కష్టమైంది. "నేను మాట్లాడుతుంటే లేచి పోతడా?" అన్నాడాయన. పోవటం పొగరు కాదని, తిరిగొచ్చి జవాబు చెప్పటం కూడా ఒప్పందంలో ఉందని నచ్చజెప్పాను.

మూడు వారాల తర్వాత పుస్తకం చూశాను. 118 ఉన్నది 84కు దిగింది ఒకరోజు. రెండుసార్లు వాకిట్లోకి పోకుండానే అరిచేశాడు, దాచకుండా అదీ రాశాడు. చెంబు మాత్రం మళ్ళీ లేవలేదు. ఇంకో సంగతి వాడే కనిపెట్టాడు: కోపాలన్నీ దాదాపు బడి నుంచి వచ్చాక, అన్నం తినకముందే!

కొందరికి ఇది చాలదు. కొట్టటం ఆగకపోయినా, వారాల తరబడి నిద్ర లేకపోయినా, తనకు తాను హాని చేసుకోవాలనిపించినా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. టెలి మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

పుస్తకం చివరి పేజీలో తండ్రి పేరు, పక్కన 104 అని ఉంది. ఎవరు లెక్కపెట్టారని అడిగాను. "నాయననే చెయ్యి చాపిండు సార్" అన్నాడు.