లింకు వెంట వచ్చు బొమ్మ: దాని కొలతలు

ఎవరైనను మనకు ఫేస్‌బుక్‌లోగాని, వాట్సాప్‌లోగాని ఒక లింకు పంపినప్పుడు దానితోబాటు చిన్న బొమ్మయు, శీర్షికయు కనబడును. పుటను తెరువవలెనా వలదా యని పెక్కుమంది ఆ బొమ్మను చూచియే నిశ్చయింతురు. కొందరు బొమ్మమీది మాటలు చదివి అంతటితో ఊరకుందురు. కావున పాఠశాలకో, గ్రంథాలయమునకో, సహకార సంఘమునకో వెబ్ పుట నడుపువారు ఈ బొమ్మ కొలతలను గూర్చి కొంత తెలిసికొనుట అవసరము.

ఇంతకు ఈ బొమ్మ ఎక్కడనుండి వచ్చును? 2010వ సంవత్సరమున ఫేస్‌బుక్ సంస్థ ‘ఓపెన్ గ్రాఫ్’ అను పద్ధతిని ప్రవేశపెట్టినది. దాని ననుసరించి పుట నిర్మించువారు, చదువరులకు కనబడని భాగమున, శీర్షిక యేదో బొమ్మ యేదో తెలుపు గుర్తులు వ్రాసియుంతురు. లింకు పంపునప్పుడు ఒక ప్రోగ్రాము ఆ గుర్తులను చదివి బొమ్మను తెచ్చును. బొమ్మ మనది, దానిని బిగించు చట్రము పరులది. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఫేస్‌బుక్ సంస్థ 1200 పిక్సెళ్ల వెడల్పు, 630 పిక్సెళ్ల ఎత్తుగల బొమ్మను సిఫారసు చేయుచున్నది. 600, 315 పిక్సెళ్లకు తక్కువైనచో అది పెద్ద చిత్రముగా గాక చిన్న చదరముగా కనబడును. 2023లో ‘ఎక్స్’ అని పేరు మార్చుకొన్న ట్విట్టర్, పెద్ద కార్డునకు ఎత్తునకు రెండింతల వెడల్పును, చిన్న కార్డునకు చదరమును కోరును. వాట్సాప్‌నకు బొమ్మ బరువు 600 కిలోబైట్ల లోపుండుట మంచిది.

ఇన్ని చట్రములకు ఒకే బొమ్మ సరిపడునా? సరిపడును. 1200, 630ల బొమ్మను రెండింతల వెడల్పు చట్రమున నమర్చినచో పైన 15, క్రింద 15 పిక్సెళ్లు మాత్రమే పోవును. చదరముగా కత్తిరించినచో ఇరుప్రక్కల 285 చొప్పున, అనగా ఇంచుమించు సగము బొమ్మ పోవును. నడుమ 630 పిక్సెళ్ల చదరము మాత్రము నిలుచును. ముఖ్యమైన దంతయు ఆ చదరములోనే యుండవలెను.

తెలుగువారికి ఈ జాగ్రత్త మరింత అవసరము. మన వాక్యమున ‘లేదు’, ‘కాదు’, ‘వలదు’ అను మాటలు చివరను వచ్చును. ‘రేపు పాఠశాలకు సెలవు లేదు’ అని ఒకే వరుసలో అంచునుండి అంచువరకు వ్రాసితి మనుకొందము. రెండు ప్రక్కలు తెగినచో ‘పాఠశాలకు సెలవు’ అని మిగులును! పుట తెరువని తల్లిదండ్రులు పిల్లలను ఇంటనే యుంచినచో తప్పెవరిది? కావున అట్టి వాక్యమును రెండు మూడు పొట్టి వరుసలుగా నడుమ వ్రాయవలెను. మన అక్షరములకు పైన గుడులు, క్రింద వత్తులు ఉండును గనుక వరుసల మధ్య చోటు విడువవలెను. సన్నని అక్షరములు బొమ్మ కుదించినప్పుడు అలుకుకొనిపోవును.

బొమ్మ వెడల్పును, ఎత్తును గుర్తులలో తెలిపినచో ఫేస్‌బుక్‌లో మొదటి పర్యాయమే చిత్రము కనబడును. ఒకసారి తెచ్చుకొన్న బొమ్మను ఆ సంస్థ దాచుకొనును గనుక, మనము పుటలో దిద్దినను కొంతకాలము పాతదే కనబడవచ్చును. దానిని మరల తెప్పించుటకు ‘షేరింగ్ డీబగ్గర్’ అను సాధనము కలదు. అయినను నలుగురికి పంపుటకు ముందే ఇంటివారిలో ఒకరికి పంపి, వారి ఫోనులో బొమ్మ ఎట్లు తెగినదో చూచుకొనుట మేలు.