దీపం దించిన తరువాత

క్రిమియా యుద్ధకాలంలో, రాత్రివేళ దీపం చేతబట్టి క్షతగాత్రుల మంచాల నడుమ తిరిగిన ఫ్లారెన్స్ నైటింగేల్ కథను చెప్పని ఉపాధ్యాయుడుండడు, వినని విద్యార్థి యుండడు. అయితే ఆ కథ సాధారణంగా అక్కడనే ఆగిపోతుంది. 1820లో జన్మించి 1910లో కన్నుమూసిన ఆ మహనీయురాలు దీపం పట్టి తిరిగినది రెండేండ్లకు లోపే. తక్కిన జీవితమంతా ఆమె ఏమి చేసినట్లు?

1854 నవంబరులో 38 మంది పరిచారికలతో ఆమె స్కూటరీ సైనికాసుపత్రి చేరింది. మరుసటి మే నెలలో బాలక్లావా వద్ద తీవ్రజ్వరం సోకి మరణద్వారం దాకా వెళ్లివచ్చింది. జ్వరం తగ్గినది గాని వ్యాధి విడువలేదు. 1857 నుంచి వెన్నునొప్పి, నిస్త్రాణ, గుండెదడ ఆమెను పలుమార్లు మంచాన పడవేశాయి. అది బ్రూసెల్లోసిస్ అయి ఉండునని నేటి వైద్యచరిత్రకారులు పలువురి అభిప్రాయం. అప్పటికామె వయస్సు 37 ఏండ్లు. రోగి పడకచెంత నిలిచి సేవచేసే శక్తి ఇక లేదు.

అట్టి స్థితిలో ఆమె కలం పట్టింది. సైనికులు గాయాలకంటె వ్యాధులవల్లనే అధికంగా మరణించారని లెక్కలతో, చిత్రపటాలతో నిరూపించింది. 1858లో లండను గణాంకశాస్త్ర సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొన్నది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమెయే. 1860లో ఆమె పేరిట సమకూడిన నిధితో సెయింట్ థామస్ ఆసుపత్రిలో పరిచారికల శిక్షణాలయం వెలసింది. దాని నిర్వహణ ఇతరులది, మార్గదర్శనం ఆమెది.

భారతదేశాన్ని ఆమె ఏనాడూ కంటితో చూడలేదు. అయినా ఇచ్చటి ఆంగ్లసైన్యంలో ఏటా వేయింటికి 69 మంది మరణిస్తున్నారని 1863లో వెలువడిన నివేదిక చాటడానికి ఆమె కృషియే ప్రధాన కారణం. అనంతరం ఆమె దృష్టి సామాన్య ప్రజలపైకి, కరువులపైకి మళ్లింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటను దొర వాదించిన నీటిపారుదల పథకాలను ఆమె గట్టిగా బలపరిచింది. గోదావరి నీటి కథలో ఆ రోగశయ్యకు కూడ కొంత చోటున్నది!

ఇంతమాత్రాన ఆమె మార్గం అందరికీ సులభమని తలపరాదు. తండ్రి ఆమెకు ఏటా 500 పౌనులు ఇచ్చేవాడు. నేటి నర్సుకు ఆ ఆసరా ఎక్కడిది? రోగులను ఎత్తి, పొర్లించి, రాత్రులు నిలబడి పనిచేసిన నడుము ఒకనాడు మొరాయిస్తుంది. అప్పుడామెకు జీతమూ కావలె, గౌరవమూ కావలె. ఉద్యోగకాలంలో వైకల్యం పొందినవారిని తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ, ఉన్న పనికి తగనిచో అదే వేతనశ్రేణిలో వేరొక పదవికి మార్చవలెననీ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ సంస్థలను శాసిస్తున్నది. కాని ఈ నిబంధన ప్రైవేటు ఆసుపత్రులకు వర్తించదు. చట్టం పేర్కొన్న వైకల్యంగా లెక్కకురాని నడుమునొప్పికి ఈ రక్షణా లేదు.

విద్యార్థినులకు శిక్షణ, అంటురోగాల నివారణ, టీకాలు, రికార్డుల పరిశీలన, రోగులకు సలహాలు—ఇవన్నీ ఆసుపత్రికి అవసరమైన పనులే. ఇవి బరువులెత్తే భుజబలాన్ని కోరవు. రోగిని ఎరిగిన మనస్సును కోరుతాయి. ఇరువదేండ్ల అనుభవాన్ని నడుముతోపాటు ఇంటికి పంపివేయడం ఆసుపత్రికే నష్టం గదా!

ఉపాధ్యాయులు ఇకమీదట దీపం కథ చెప్పునప్పుడు, దీపం దించిన తరువాతి అర్ధశతాబ్దపు కథను కూడ చెప్పుదురు గాక.