పిల్లలకి సూది నొప్పి తగ్గించడం ఎలా?

పిల్లలు అన్నం తినకపోతే మన ఇళ్లల్లో వచ్చే బెదిరింపు ఏంటి? "ఉండు, డాక్టర్‌తో చెప్పి సూది వేయిస్తా." మళ్లీ టీకాకి తీసుకెళ్లినప్పుడు మనమే "ఏం కాదు, నొప్పే ఉండదు" అంటాం. పిల్లాడు ఏది నమ్మాలి చెప్పండి?

నేను ఇంజనీర్‌ని, డాక్టర్‌ని కాదు. కాబట్టి ఈ ఎపిసోడ్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో టీకా నొప్పి గురించి ఇచ్చిన సూచనలనే ఆధారంగా తీసుకుంటున్నాను.

ముందు పసిపిల్లల సంగతి. మన దగ్గర 6, 10, 14 వారాలకి టీకాలు ఉంటాయి. ఒకే రోజు ఒకటి కంటే ఎక్కువ సూదులు పడొచ్చు. తల్లిపాలు తాగే బిడ్డకి సూది వేసే ముందు గానీ, వేస్తున్నప్పుడు గానీ పాలు పట్టండి. అమ్మ ఒంటి వెచ్చదనం, చప్పరించడం, పాల తీపి, ఈ మూడూ కలిసి నొప్పిని తగ్గిస్తాయి. ఎక్కువ నొప్పి పుట్టే టీకా చివర్లో వేయమని అడగండి.

రెండోది, పట్టుకునే తీరు. బల్ల మీద పడుకోబెట్టి కాళ్లూ చేతులూ నొక్కిపట్టేస్తే భయం ఇంకా పెరుగుతుంది. చిన్నపిల్లల్ని ఒళ్లో పెట్టుకోండి. 3 ఏళ్లు దాటినవాళ్లని నిటారుగా కూర్చోబెట్టండి.

మూడోది, మాట. "నొప్పే ఉండదు" అని అబద్ధం చెప్పొద్దు, "అయ్యో పాపం" అని కంగారూ పెట్టొద్దు. "ఇప్పుడు వేస్తున్నారు" అని మామూలుగా చెప్పండి. 6 ఏళ్ల లోపు వాళ్లకి బొమ్మో, పాటో, ఫోన్‌లో వీడియోనో చూపించి దృష్టి మళ్లించండి.

వద్దన్నవీ ఉన్నాయి. సూది వేసే చోట రుద్దడం, నొప్పి రాకూడదని ముందే పారాసెటమాల్ వేయడం సిఫారసు చేయలేదు. తిమ్మిరెక్కించే లిడోకెయిన్, ప్రిలోకెయిన్ క్రీమ్ పనిచేస్తుంది గానీ, సుమారు గంట ముందే రాయాలి. అది డాక్టర్ చెప్తేనే వాడండి.

టీకాల రోజు రద్దీగా ఉంటుంది, సిస్టర్‌కి తొందర ఉంటుంది. అయినా "ఒళ్లో పెట్టుకుని పాలు పడతానండి" అని అడగడానికి మొహమాటపడకండి. చిన్నప్పుడు పట్టుకున్న సూది భయం పెద్దయ్యాక కూడా ఉండిపోవచ్చు. అప్పుడు రక్తపరీక్షలూ, అవసరమైన వైద్యమూ వాయిదా వేసుకుంటూ పోతారు.

అందుకే సూదిని శిక్షగా చూపించడం ఈరోజే మానేద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ.